తుని దాటాక 11 నిమిషాలు: మబ్బులోకి వెళ్లిన ఒక సెస్నా కేసు

ఈ కేసులో ఎవరికీ గాయాలు కాలేదు. అందుకే ఇంత వివరంగా రాయగలుగుతున్నాను. చిన్న విమానం మబ్బులోకి వెళ్లి కొండని కొట్టుకున్న కేసుల్లో మనకి మిగిలేవి శకలాలే. ఇక్కడ మాత్రం పైలట్ మా ఇంటికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా జరిగిందంతా చెప్పాడు.

విమానం సెస్నా 172. ఒకటే ఇంజన్, నాలుగు సీట్లు. అక్టోబర్ ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం రాజమండ్రి నుంచి విశాఖపట్నం రావాలి. లోపల ఇద్దరు, పైలట్ కుర్రాడు, ఒక పెద్దాయన. కుర్రాడు ఒకప్పుడు నా దగ్గర నేర్చుకున్నవాడే, అప్పటికి 310 గంటలు నడిపాడు. పేర్లు రాయను, విమానం ఎవరిదో కూడా రాయను. నేను ఇన్‌స్ట్రక్టర్‌ని. ఆ విమానం వాళ్లకి సేఫ్టీ పనులు చూసిపెడుతుంటాను కాబట్టి లోపలి విచారణ నా మీద పడింది. నిజానికి అది నేను చేయాల్సింది కాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు దారి సంగతి. రాజమండ్రి ఎయిర్‌పోర్టు నుంచి వైజాగ్‌కి తిన్నగా గీత గీస్తే సుమారు 88 నాటికల్ మైళ్లు, సెస్నాకి 50 నిమిషాల పని. ఎడమ చేతి వైపు తూర్పు కనుమలు, కుడి చేతి వైపు సముద్రం, మధ్యలో హైవే, చెన్నై-హౌరా రైలు పట్టాలు. కళ్లతో చూసుకుంటూ నడిపేవాడికి ఇంతకంటే సుఖమైన దారి దొరకదు. పట్టాలు పట్టుకుని పోతే చాలు, అన్నవరం, తుని, యలమంచిలి, అనకాపల్లి బస్సు స్టాపుల్లా వరసగా వస్తాయి. చిక్కల్లా తుని దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి మైదానం సన్నబడుతుంది. కొండలు సముద్రం వైపు జరుగుతాయి. కొన్నయితే గుంపులోంచి విడిపోయి హైవే పక్కనే ఒంటరిగా నిలబడి ఉంటాయి.

ఆ వారం బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది. తూర్పు నుంచి తేమ గాలి. తుపానూ కాదు, ఉరుములూ లేవు, ఉత్త ముసురు. ఉరుముల మబ్బుకి పైలట్లంతా భయపడతారు, దాని జోలికి పోరు. ముసురు అలా కాదు. మెత్తగా ఉంటుంది, చూడటానికి ఏమీ చెయ్యనట్టే ఉంటుంది.

మధ్యాహ్నం మూడున్నర వైజాగ్ రిపోర్టు ఇది: విజిబిలిటీ 6 కిలోమీటర్లు, 2,000 అడుగుల దగ్గర అక్కడక్కడ మబ్బు, ఉష్ణోగ్రత 28, డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత, 26. కళ్లతో నడిపే విమానానికి రూలు అడిగేది 5 కిలోమీటర్ల విజిబిలిటీ, మబ్బుకి పైకైనా కిందికైనా 1,000 అడుగుల దూరం, పక్కకి 1,500 మీటర్లు. రిపోర్టు ప్రకారం గమ్యం దగ్గర బొటాబొటిగా సరిపోయింది. కానీ ఆ ఆఖరి రెండు అంకెలూ చూడండి, 28, 26. రెండిటికీ తేడా ఎన్ని డిగ్రీలో దాన్ని 400తో గుణిస్తే, నేల మీది గాలి పైకి లేచినప్పుడు సుమారు ఎన్ని అడుగుల దగ్గర మబ్బు కడుతుందో వస్తుంది. ఇక్కడ 800 అడుగులు. వైజాగ్‌లో ఆ సమయానికి గాలిని పైకి నెట్టేది ఏదీ లేదు కాబట్టి అంత కింద మబ్బు కట్టలేదు. అదే గాలి తుని, యలమంచిలి దగ్గర కొండకి తగిలి లేస్తోంది.

కుర్రాడు కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ బొమ్మ కూడా ఫోన్లో చూశాడు. యలమంచిలి ప్రాంతంలో ఒక్క రంగు చుక్క లేదు. దాంతో ధైర్యం వచ్చిందన్నాడు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఆ రాడార్‌కి కనిపించేది వాన చినుకులు. చినుకు లేని పల్చటి కింది మబ్బు దానికి పట్టదు. బొమ్మ ఖాళీగా ఉందంటే వాన లేదనే అర్థం, ఆకాశం ఖాళీగా ఉందని కాదు.

కార్డు రాసుకున్నది

ఈ సెస్నాలో గార్మిన్ జీ1000 ప్యానెల్ ఉంది. దానిలో ఎస్‌డీ కార్డు పెడితే ఎత్తు, వేగం, రెక్కల వంపు, దిగే జోరు, అన్నీ సెకనుకో వరస చొప్పున రాసుకుంటుంది. మర్నాడు పొద్దున కార్డు తీసి మా డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్‌లో తెరిచాను. రెండున్నరకి బయల్దేరాల్సినవాళ్లు పెద్దాయన ఆలస్యంగా రావడం వల్ల 4:05కి లేచారు. ఆ రోజుల్లో ఇక్కడ అయిదున్నర లోపే పొద్దు పోతుంది, పొద్దు పోయాక మన దేశంలో ఇలాంటి ప్రయాణానికి అనుమతి లేదు. అంటే గడియారం కూడా ఒక ప్యాసింజర్‌లా వెనక సీట్లో కూర్చుంది.

3,500 అడుగుల్లో మొదలుపెట్టాడు. 4:27కి అన్నవరం దగ్గర మబ్బు కిందికి దిగి 2,800. 4:33కి తుని, 2,000. నక్కపల్లి దగ్గర 4:38కి 1,400. 4:43కి 1,250. నేను మొదట వెతికింది ఒక పెద్ద తప్పు కోసం. ఎక్కడా లేదు. ప్రతి దిగుడూ చిన్నదే, ప్రతిదానికీ ఒక కారణం ఉంది, "ఇంకాస్త ముందుకెళ్తే తేలిపోతుందేమో చూద్దాం" అనేది. ఇలా మెట్టు మెట్టుగా దిగుతూ 16 నిమిషాల్లో 2,250 అడుగులు పోగొట్టుకున్నాడు. ఏ మెట్టు దగ్గరా "నేను ఇప్పుడొక నిర్ణయం తీసుకుంటున్నాను" అని అతనికి అనిపించలేదు.

మోకాలి మీద కట్టుకునే పలక మీద ఊళ్లు, టైములు రాసుకోవడం అతనికి నేనే నేర్పిన అలవాటు. ఆ కాగితం నా దగ్గరుంది. అన్నవరం 4:27, శుభ్రంగా ఉంది. తుని 4:33, అక్షరాలు వంకర. దాని కింద నక్కపల్లి అని ముందే రాసిపెట్టుకున్నాడు, ఎదురుగా టైము లేదు. పెన్సిల్ ములుకు దిగబడి చిన్న చిల్లు మాత్రం ఉంది. రాయడం మానేశాడంటే అప్పటికే కళ్లు, చేతులు, బుర్ర వేరే పనిలో పూర్తిగా మునిగిపోయాయని అర్థం. వెనక్కి తిరగాలన్న ఆలోచనకి కూడా బుర్రలో కాస్త చోటు కావాలి. ఆ చోటు తునిలోనే అయిపోయింది.

4:44 దాటి పది సెకన్లకి యలమంచిలికి కాస్త ఇవతల ముందొక కొండ పాదం కనిపించింది. పైభాగం మబ్బులో ఉంది. కంగారుగా యోక్, అంటే విమానం స్టీరింగు, లాగాడు. విమానం మబ్బులోకి వెళ్లింది.

దాన్ని సున్నా సెకను అనుకుందాం. ఎత్తు 1,250, వేగం 98 నాట్లు (గంటకి అన్ని నాటికల్ మైళ్లు), రెక్కలు సమానం. ఎనిమిదో సెకనుకి కుడి వైపు 6 డిగ్రీల వంపు. పన్నెండో సెకనుకి తల దించి తొడ మీది ట్యాబ్లెట్‌లో కొండ ఎత్తు వెతికాడు, ఇది అతను చెప్పింది. పదిహేడో సెకనుకి వంపు 14. ఇరవైకి 1,600 అడుగులు, అక్కడితో ఎక్కడం ఆగింది. ఇరవై ఎనిమిదికి వంపు 41, ముక్కు కిందికి వాలింది, నిమిషానికి 1,500 అడుగుల జోరుతో దిగుతోంది. ముప్ఫై నాలుగుకి వంపు 54, వేగం 128 నాట్లు, దిగే జోరు 3,000. ముప్ఫై తొమ్మిదో సెకనులో సుమారు 1,030 అడుగుల దగ్గర మబ్బు అడుగు నుంచి బయటపడ్డాడు.

"వరి చేలు గోడలా నిలబడి ఉన్నాయి సార్," అన్నాడు.

పవర్ తగ్గించి, రెక్కలు సమానం చేసి, అప్పుడు ముక్కు ఎత్తాడు. వరస సరిగ్గా అదే ఉండాలి. నలభై మూడో సెకనుకి విమానం నిలదొక్కుకుంది. కార్డులో అత్యల్ప ఎత్తు 860 అడుగులు. మబ్బు అడుగు ఇంకో 400 అడుగులు కిందికి ఉండి ఉంటే ఈ వ్యాసం వేరే వాళ్లు వేరేలా రాసేవారు.

చెవి చెప్పే అబద్ధం

"నేను తిన్నగానే ఎక్కుతున్నాననుకున్నా సార్. స్క్రీన్ మీద వంపు కనిపించింది, స్క్రీనే పాడైందేమో అనుకున్నా." ఈ మాట నేను గతంలోనూ విన్నాను, మాటలే కాస్త అటూ ఇటూ.

చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. గిరగిరా తిరిగి టక్కున ఆగితే, మనం ఆగినా లోకం తిరుగుతూనే ఉంటుంది. చెవి లోపల అర్ధవృత్తాకార గొట్టాల్లో ద్రవం ఉంటుంది, మనం తిరిగినప్పుడు అది వెనకబడి, ఆ తేడాని మెదడుకి చెబుతుంది. ఆటలో అది చేసే మోసం మనకి తెలుసు, నవ్వుకుంటాం. విమానంలో మోసం రెండో వైపు నుంచి వస్తుంది. తిరగడం మరీ నెమ్మదిగా, సెకనుకి రెండు డిగ్రీల లోపు మొదలైతే ఆ ద్రవానికి తెలియదు. విమానం వాలుతూ ఉంటుంది, ఒళ్లు తిన్నగా ఉన్నానంటుంది. బయట దిక్చక్రం కనిపిస్తే కళ్లు ఆ అబద్ధాన్ని కొట్టేస్తాయి. మబ్బులో ఆ సాక్షి ఉండదు. ఆ సమయంలో తల దించి ట్యాబ్లెట్ చూస్తే గొట్టాలన్నీ ఒకేసారి కలగాపులగం అవుతాయి. అతని చార్టులో పన్నెండో సెకను తర్వాతే వంపు జోరందుకోవడం నేనేమీ యాదృచ్ఛికం అనుకోను.

వంగిన విమానం ముక్కు వాలుస్తుంది, ఎత్తు పోతుంది. పైలట్‌కి తెలిసేది ఎత్తు పోవడం ఒక్కటే. యోక్ లాగుతాడు. రెక్కలు వంగి ఉండగా లాగితే సుడి ఇంకా బిగుస్తుంది. ఇంగ్లీషులో దీనికి శ్మశానపు సుడి అని పేరు. పెట్టినవాడు ఊరికే పెట్టలేదు.

1954లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీవాళ్లు ఇన్‌స్ట్రుమెంట్ల మీద, అంటే బయటికి చూడకుండా ప్యానెల్ అంకెలు చూస్తూ, నడపడం తెలియని 20 మంది పైలట్లతో ఒక ప్రయోగం చేశారు. బయట ఏమీ కనిపించకుండా చేసి విమానం చేతికిచ్చారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు. అందరికంటే ముందు పోయినవాడు 20 సెకన్లకే, గట్టివాడు 480 సెకన్లకి. సగటు 178. మా కుర్రాడి లెక్క 39. ఇతను తెలియనివాడు కూడా కాదు, అలా నడపడానికి అనుమతిచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. కాగితం మీద ఇంకో నెల గడువుంది. కానీ సాధన కోసం బయట కనిపించకుండా కళ్లకి అడ్డం పెట్టే హుడ్ పెట్టుకుని ఆఖరిసారి నడిపి పదకొండు నెలలైంది. ఈత ఎప్పుడో నేర్చుకున్నవాడు కూడా నిద్రలో ఎవరో నూతిలోకి తోసేస్తే ముందు నీళ్లే తాగుతాడు.

అనుభవం కాపాడుతుందా అని అడుగుతారు. 2020 జనవరి 26న కాలిఫోర్నియాలో కోబీ బ్రయంట్‌తో సహా 9 మంది చనిపోయిన హెలికాప్టర్ పైలట్‌కి 8 వేల గంటలకు పైనే అనుభవం ఉంది, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగూ ఉంది. మబ్బుల్లోంచి బయటపడటానికి 4,000 అడుగులకి ఎక్కుతున్నానని కంట్రోలర్‌కి చెప్పాడు. చెబుతుండగానే ఎడమకి వాలి దిగుతున్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, అతని ఒంటికి అలాగే అనిపించింది.

మనవాళ్లకి ఈ మాటెత్తగానే గుర్తొచ్చేది 2009 సెప్టెంబర్ 2, పావురాల గుట్ట. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అయిదుగురు చనిపోయారు. క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు, అదీ ఇదీ ఒకటేనా అని. కాదు. అది రెండు ఇంజన్ల, ఇద్దరు పైలట్ల బెల్ 430 హెలికాప్టర్. దర్యాప్తు చెప్పిన కారణం బలంగా కిందికి తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పడం. కానీ అంతకుముందు కొన్ని నిమిషాలు సిబ్బంది ఆయిల్ ప్రెషర్ సమస్య మీద పుస్తకంలో పరిష్కారం వెతుకుతూ ఉన్నారన్నది కూడా ఆ దర్యాప్తులో తేలిందే. నేను క్లాసులో ఆగేది అక్కడ. వాతావరణం చెడుతున్నప్పుడు చూపు లోపల ఇంకేదో పని మీద ఉండిపోవడం. అక్కడ పుస్తకం, ఇక్కడ ట్యాబ్లెట్.

ఇంకొకటి, మొదటి పదిహేను సెకన్లలో అతన్ని కాపాడగలిగిన బటన్ ఒకటి అతని చేతికి జానెడు దూరంలో ఉంది. ఆటోపైలట్. బాగానే పనిచేస్తోంది, తుని వరకూ దాని మీదే వచ్చాడు. మబ్బు కింద దూరడానికి తీసేశాడు. మళ్లీ వేయాలన్న సంగతి గుర్తే రాలేదట.

తర్వాత జరిగింది క్లుప్తంగా. కుడికి తిరిగి సముద్రం వైపు వెళ్లాడు. పూడిమడక తీరం దగ్గర మబ్బు విడిపోయి ఉంది. వైజాగ్ టవర్‌కి దాచుకోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, మబ్బులో పడ్డాను, అదుపు తప్పింది, ఇప్పుడు సముద్రం కనిపిస్తోంది అని. ఈ ఒక్క విషయంలో అతనికి నూటికి నూరు వేశాను. లైసెన్సు పోతుందన్న భయంతో "అంతా నార్మల్" అని చెప్పేవాళ్లని నేనెరుగుదును. పరవాడ పవర్ ప్లాంట్ పొగగొట్టాలు, స్టీల్ ప్లాంటు, యారాడ కొండ, అన్నీ ఆ ఎత్తులో అతని దారికి అడ్డమే. కంట్రోలర్ అతన్ని ఒడ్డు మీదికి రానివ్వకుండా నీళ్ల మీదుగానే తిప్పి తీసుకొచ్చాడు. 5:09కి దిగాడు. రూల్ ప్రకారం వెళ్లాల్సిన రిపోర్టు ఆ రాత్రే వెళ్లింది.

పెళ్లికి తొందరెవరిది

కుర్రాడి మాటల్లో కారణం తేలిగ్గా తేలిపోయింది. పెద్దాయన విమానం యజమానికి బావమరిది. రాత్రి సింహాచలంలో మేనకోడలి పెళ్లి. ఆయన వెళ్లి తీరాలి. రాజమండ్రి నుంచి ఆలస్యంగా లేచారు. "ఆయనకి లేదని ఎలా చెప్పను సార్?"

నేను ఆయనతో విడిగా మాట్లాడాను. "నేనేం తొందరపెట్టలేదండి. మధ్యలో ఒకసారి, ఏం బాబూ, వెళ్లగలమా అని అడిగానంతే. పర్వాలేదండి, వెళ్లిపోదాం అన్నాడు. వెళ్లలేం అనుంటే రాజమండ్రిలో దిగి కారెక్కేవాణ్ణి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక కదండీ."

ముహూర్తం అర్ధరాత్రి దాటాక. రోడ్డు మీద నాలుగు గంటల దారి. ఈ రెండు విషయాలూ బయల్దేరే ముందు ఎవరూ ఎవరినీ అడగలేదు. కుర్రాడు మోసిన ఒత్తిడి అంతా అతనే ఊహించుకున్నది. "వెళ్లగలమా" అన్న ప్రశ్నని అతను ప్రశ్నగా వినలేదు, యజమాని బావమరిది ఆర్డరుగా విన్నాడు. మన దగ్గర పాతికేళ్ల పిల్లాడు అరవై ఏళ్ల పెద్దమనిషికి కుదరదని చెప్పడం చిన్న పని కాదు. నేను క్లాసులో మబ్బుల గురించి గంటలు చెబుతాను, దీని గురించి ఒక్క క్లాసు తీసుకోలేదు.

పెద్దాయన తిరుగు ప్రయాణం రత్నాచల్‌లో చేశాడు. విమానం రమ్మంటే నవ్వి ఊరుకున్నాడట.

నా ఫోను

ఇక నేను ఈ విచారణ ఎందుకు చేయకూడదో చెప్పాలి. ఆ రోజు మూడున్నరకి కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. "సార్, అక్కడ ఎలా ఉంది?" మా ఇల్లు గోపాలపట్నంలో. డాబా ఎక్కి చూశాను. సింహాచలం కొండ స్పష్టంగా కనిపిస్తోంది. "ఇక్కడ బాగుందిరా, కొండ క్లియర్‌గా ఉంది, వచ్చెయ్," అన్నాను.

నేను చెప్పింది నిజమే. కానీ నేను చెప్పింది మా డాబా గురించి. అతను విన్నది 88 మైళ్ల దారి గురించి. "తుని దగ్గర ఎలా ఉందో కనుక్కున్నావా?" అని నేను తిరిగి అడగలేదు. రెండు డిగ్రీల తేడా చూడలేదు. పైగా "వచ్చెయ్" అన్నాను. నేర్పిన గురువు రమ్మన్నాక ఆగడం అతనికి ఇంకా కష్టమైంది. అతను ఈ మాట ఎక్కడా ఎత్తలేదు. నేను అడిగితే తల దించుకుని, "మీరేం చేస్తారు సార్," అన్నాడు. రిపోర్టులో కారణాల జాబితాలో నా ఫోన్ సంభాషణని మూడో అంశంగా రాశాను. మొదట ఆరోదిగా రాసి, తర్వాత పైకి జరిపాను.

విచారణ తర్వాత రూల్స్ పుస్తకం ఏమీ మారలేదు. ఉన్న రూల్సు చాలు. మార్చింది ఒక్కటే, మ్యాపు మీద తుని దగ్గర ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీశాం. ఆ గీత దగ్గర 2,500 అడుగుల్లో మబ్బుకి దూరంగా, రెక్కలు సమానంగా ఎగరలేకపోతే అక్కడే వెనక్కి. "పరిస్థితి బాగోలేకపోతే తిరిగొచ్చెయ్" అని అంతకుముందూ చెప్పేవాళ్లం. కానీ బాగోలేకపోవడం అనేది ఏ మైలురాయి దగ్గరా బోర్డు పెట్టుకుని నిలబడదు. తుని నిలబడుతుంది, కింద స్టేషన్ కనిపిస్తుంది, తాండవ నది కనిపిస్తుంది. ఏసీ గదిలో టీ తాగుతూ తీసుకున్న నిర్ణయాన్ని అక్కడ అమలు చేస్తే సరిపోతుంది, ఆలోచించక్కర్లేదు. వైజాగ్ నుంచి ఎవరైనా ఫోన్లో ఏం చెప్పినా ఆ గీత జరగదు. వెనక్కి తిరిగే పైలట్‌ని ఎవరూ కారణం అడగకూడదని కూడా రాయించాను. దీనికి యజమాని ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది.

కుర్రాడితో హుడ్ పెట్టించి ఆరు గంటలు నడిపించాను. మొదటి రోజు ఇరవై నిమిషాలకే చొక్కా తడిసిపోయింది.

డిసెంబర్‌లో అదే దారి, అదే విమానం, ఈసారి ఖాళీగా. పొద్దున పదిన్నరకి ఫోన్ వచ్చింది. "సార్, రాజమండ్రిలోనే ఉన్నాను. అన్నవరం దాటాక 2,300కి దిగాల్సొచ్చింది. గీత దాకా కూడా వెళ్లకుండా తిరిగొచ్చేశాను."

నేను డాబా ఎక్కాను. వైజాగ్‌లో ఎండ కాస్తోంది. మధ్యాహ్నానికి మబ్బంతా విడిపోయి తుని దాకా ఆకాశం నీలంగా ఉందని తెలిసింది. సాయంత్రం ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, వాతావరణం బాగున్న రోజు దాదాపు గంట ఇంధనం దండగ చేశాడు కదా, ఆ బిల్లు ఏ పద్దు కింద రాయమంటారు అని అడిగాడు. ట్రైనింగ్ కింద రాయమని చెప్పి, మర్నాడు వెళ్లి సంతకం పెట్టి వచ్చాను.